నా బండి మీద వడియాలు

వికలాంగుల దినోత్సవం నాడు మా సంఘం సభలో స్వావలంబన గురించి నలభై నిమిషాలు మాట్లాడాను. వాళ్లు ఇచ్చింది ఇరవై; తక్కినవి నేనే తీసుకున్నాను. "మన కాళ్ల మీద మనం నిలబడాలి" అని మూడుసార్లు అన్నాను. పసితనంలోనే పోలియో నా కుడికాలు పూర్తిగా, ఎడమకాలు సగం తీసుకుపోయింది కాబట్టి ఆ మాటకి చప్పట్లు బాగా పడ్డాయి. ఉపన్యాసం ముగిశాక మా అన్నయ్య దుర్గాశంకర్ వచ్చి నన్ను వేదిక మీంచి ఎత్తుకుని దించాడు.

నాకు ఉద్యోగం కూడా ఉంది. ప్రభుత్వ శిక్షణ కేంద్రంలో మూడు నెలలు కంప్యూటర్ నేర్పి, జాబ్ మేళాలో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ట్రావెల్స్ ఆఫీసులో పని ఇప్పించారు. ముప్పైమందిలో నన్నే ఎంచుకున్నారని అందరికీ చెబుతాను. టైపింగ్ వచ్చినవాళ్లం ఇద్దరమే ఉన్నామని, రెండో అమ్మాయికి గన్నవరంలో ఇంతకంటే మంచి ఉద్యోగం దొరికిందని మాత్రం చెప్పను.

అన్నయ్య వన్ టౌన్‌లో ఒక చీరల కొట్టులో సేల్స్‌మన్. రోజూ విద్యాధరపురం నుంచి నన్ను బైక్ మీద ఆఫీసులో దింపి, మళ్లీ అంత దూరం వెనక్కి వచ్చి కొట్టు తెరిచేవాడు. "నాకే ఓ బండి ఉంటేనా!" అని దారంతా అంటూ ఉండేదాన్ని. వికలాంగులకి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే బండికి దరఖాస్తు పెట్టిందీ, సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించిందీ, బండి నేర్చుకునేవాళ్ల లైసెన్సు కోసం నన్ను ఎల్.ఎల్.ఆర్. పరీక్షకి తీసుకెళ్లిందీ అతనే.

బండి వచ్చింది. మూడు చక్రాల మోటారు బండి; గేరూ బ్రేకూ అన్నీ చేతి దగ్గరే. పంపిణీ రోజున మైదానంలో మమ్మల్ని బండ్ల మీద వరసగా కూర్చోబెట్టారు. ఒక పెద్దాయన జెండా ఊపగానే అందరం నడుపుకుంటూ ముందుకి రావాలి. జెండా ఊగింది. అందరూ కదిలారు. నేను మాత్రం బ్రేకు గట్టిగా పట్టుకుని చిరునవ్వు నవ్వుతున్నాను.

"బ్రేకు వదులు, జ్యోతీ!" అన్నాడు అన్నయ్య వెనకనుంచి.

వదిలాను. అతను నెట్టాడు. మర్నాటి పేపర్లో నా ఫోటో వేశారు. నవ్వుతూ దూసుకెళ్తున్నట్టే ఉన్నాను. నా వీపు వెనక రెండు చేతులు కనిపిస్తున్నాయి.

ఆ తర్వాత ఏడు వారాలు బండి మా వసారాలో కవరు కింద ఉంది. మొదట మంచిరోజు లేదన్నాను. తర్వాత బెంజ్ సర్కిల్లో ట్రాఫిక్ ఎక్కువన్నాను. తర్వాత మెడ నొప్పన్నాను. రోజూ ఫోన్లో ఊరందరికీ హైదరాబాదుకీ, బెంగళూరుకీ టికెట్లు బుక్ చేసే నాకు మా వీధి చివరిదాకా వెళ్లాలంటే చెమటలు పట్టేవి. బండి లేనప్పుడు బండి లేకపోవడమే నా కష్టం. ఇప్పుడు ఆ కష్టం కూడా నన్ను వదిలేసింది.

ఒక ఆదివారం పొద్దున్న తెరేసమ్మక్క వచ్చింది. మా సంఘంలో మనిషే; చిట్టినగర్‌లో ఆమెకి బడ్డీకొట్టు ఉంది. యాభై దాటిన మనిషి. చేత్తో తిప్పే మూడు చక్రాల సైకిల్ మీద, ఆ ఎండలో, కేవలం నా బండి చూడ్డానికి వచ్చింది. మా అమ్మ ఆ రోజే కవరు తీసేసి, సీటు మీద గుడ్డ పరిచి వడియాలు పెట్టింది.

తెరేసమ్మక్క కొంచెంసేపు ఆ వడియాలకేసి చూసింది.

"జాబితాలో నీ పేరు కిందున్న పేరు నాది, తెలుసా?"

తెలియదు.

"ఈ విడతలో నాదాకా రాలా. పోనీలే, జ్యోతమ్మ కుర్రది, ఉద్యోగానికి పోతది అనుకున్నా. వడియాలకని తెలిస్తే మా డాబా ఖాళీగానే ఉందిగా!"

నాకు ఒళ్లు మండింది. సిగ్గుపడాల్సిన చోట కోపం తెచ్చుకోవడం నాకు మొదటినుంచీ అలవాటు. వడియాల గుడ్డ లాగి పక్కన పెట్టించి, ఎక్కి కూర్చుని, తాళం తిప్పాను. బండి నిజంగానే కదిలింది. గేటు దాటాను, ఎదురింటి వాళ్లు ఇల్లు కట్టుకోవడానికి పోయించుకున్న ఇసుక కుప్పలోకి ఎక్కి ఆగాను. కళ్లలో, నోట్లో, జడలో ఇసుక.

"బానే వచ్చింది, అయితే ఆపడం నేర్చుకోవాలి" అంది తెరేసమ్మక్క.

ఆ రోజు నుంచి రెండు వారాలు పొద్దున్నే వచ్చి నేర్పింది. ఆమెకి మోటారు బండి నడపడం రాదు, కానీ రోడ్డు తెలుసు. పక్కనే సైకిల్ చేత్తో తిప్పుకుంటూ, "అద్దం చూసుకో! ఆటోవాడిని నమ్మమాక!" అని అరిచేది. మొదటి నాలుగు రోజులూ ఆమె సైకిలే నా బండి కంటే ముందుండేది.

ఆ తర్వాతి సోమవారం ఒక్కదాన్నే ఆఫీసుకి బయల్దేరాను. "వెనకాల వస్తాను" అన్నాడు అన్నయ్య. "వస్తే ఇంటికి తిరిగి రాను" అన్నాను. బెంజ్ సర్కిల్ దాకా బాగానే వెళ్లాను. సరిగ్గా మధ్యలో ఇంజను ఆగిపోయింది. నాలుగు వైపులా హారన్లు. ట్రాఫిక్ కానిస్టేబుల్ పరుగున వచ్చాడు. నేను అలవాటుగా దీనంగా ముఖం పెట్టాను.

"ఏంటమ్మా, రోడ్డు మీద కాపరం పెట్టావా? లైసెన్స్ ఉందా అసలు?"

నన్ను చూసి అయ్యో పాపం అననివాడు నాకు తగలడం అదే మొదటిసారి. ఎంత సంతోషం వేసిందంటే, ఎల్.ఎల్.ఆర్. కాగితంతో పాటు ఆధార్ కార్డు కూడా తీసి చూపించాను. "ముందు పక్కకి తియ్యమ్మా!" అని ఇంకో కేక వేశాడు. అప్పుడుగానీ స్టార్టరు బటన్ నొక్కాలని గుర్తు రాలేదు.

ఆఫీసు ముందు ఆగి, విజయగర్వంతో దిగబోయాను. చంకకర్రలు లేవు. ఇన్నేళ్లూ నేను బండెక్కాక వాటిని అందుకుని తెచ్చేది అన్నయ్య. నేను రావడం గుర్తుంచుకున్నానుగానీ వాటిని తేవడం మర్చిపోయాను.

ఇరవై నిమిషాలు బండి మీదే కూర్చున్నాను, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు. అన్నయ్యకి ఫోన్ చేస్తే పరువు పోతుంది. చివరికి వాచ్‌మన్ బసవపున్నయ్యే దగ్గరికొచ్చి, "ఏవైందమ్మా?" అన్నాడు.

"కర్రలు మర్చిపోయానండీ. లోపల నా చక్రాల కుర్చీ ఉంది కదా, ఆఫీసు కుర్చీ, కాస్త తెస్తారా?"

తెచ్చి, నన్ను కూర్చోబెట్టి లోపలికి నెట్టాడు. ఇది నెట్టించుకోవడం కదా అని మనసులో చిన్న వాదన మొదలైంది. కానీ అప్పటికే ఫోన్ మోగుతోంది. తిరుపతికి రెండు టికెట్లు కావాలట.

తెరేసమ్మక్క బండి ఇంకా రాలేదు. తర్వాతి విడత ఎప్పుడో కనుక్కోవడానికి నెలకోసారి ఆమెని వెనక కూర్చోబెట్టుకుని వికలాంగుల సంక్షేమ శాఖ ఆఫీసుకి వెళ్తున్నాను. ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లాం. "పైకి పంపాం, రావాలి" అంటున్నారు. దారిలో ఆమె నా డ్రైవింగు గురించి అనని మాట లేదు. మొన్న మలుపులో గోడకి రాసుకున్నప్పుడు మాత్రం ఏమీ అనలేదు. తర్వాత చూస్తే, కళ్లు గట్టిగా మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది.