చుట్టూ అనే పిల్ల

అమ్ములూ, ఆ ఫోను అవతల పెట్టి నా పక్కకు జరుగు. ఇది గట్టిగా చెప్పే కథ కాదు. మీ అక్క చైత్ర దీని గురించి నోరు విప్పదు, అందుకని నేనే చెబుతున్నాను.

పోయిన చలికాలం ఒక పొద్దున చైత్ర నన్ను పాయింట్ కుక్ ఒడ్డుకు నడకకు తీసుకెళ్ళింది. మంచు కమ్మి సముద్రమే కనిపించడం లేదు. పక్షి అరుపు కూడా లేదు. అది యూనివర్సిటీలో భాషల చదువు చదువుతోంది కదా, దారంతా ఎవరో నూట్కా వాళ్ళ ముచ్చటే.

"కెనడాలో పసిఫిక్ ఒడ్డున ఉంటారమ్మమ్మా. మనముంటున్న ఈ దేశానికి ఓడలో వచ్చిన కెప్టెన్ కుక్కే అక్కడికీ వెళ్ళాడు. వాళ్ళు పడవల్లో ఎదురెళ్ళి, చుట్టూ తిరిగి రండి, రేవు అటుంది అని అరిచారట. ఆ తిరగమనే మాట ఆయనకి నూట్కా అని వినిపించింది. అదే ప్లేస్ నేమ్ అనుకుని రాసేసుకున్నాడట!"

"దారి చెబితే పేరనుకున్నాడా? భలే తెలివైనవాడే!"

"నవ్వకు, సీరియస్‌గా. తర్వాత మ్యాపుల్లో, బుక్స్‌లో అదే పేరు. మనుషులకీ అదే, వాళ్ళ భాషకీ అదే."

"మరి వాళ్ళు ఊరుకున్నారా?"

"లేదు. నూచానుల్త్ అని వాళ్ళే పేరు పెట్టుకున్నారు. కొండల పొడుగునా, సముద్రం పొడుగునా ఉండేవాళ్ళని అర్థం. బట్ ఆ భాష మాట్లాడేవాళ్ళే ఇప్పుడు చాలా తక్కువ."

నేను వణుకుతుంటే శాలువా తేవడానికి కారు దగ్గరికి పరిగెత్తింది. అప్పుడే మోటారు చప్పుడు వినిపించింది. మంచులోంచి చిన్న రేకు పడవ, అందులో ఒకాయన. సరిగ్గా నీటి కింద నల్లరాళ్ళున్న వైపే వస్తున్నాడు. నీళ్ళు తగ్గినప్పుడు ఆ రాళ్ళను ఎన్నిసార్లు చూశానో. ఆ గాభరాలో నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ ఎటు పోయాయో, మన మాటే వచ్చింది.

"చుట్టూ! చుట్టూ తిరుగు నాయనా! చుట్టూ!"

పడవ నెమ్మదించింది. విన్నాడు, హమ్మయ్య అనుకున్నాను. ఆయన మాత్రం వంగి నీళ్ళలోకి చూస్తూ పిలవసాగాడు.

"చుట్టూ! చుట్టూ!"

నా పిల్లెవరో మునిగిపోతోందనుకున్నాడమ్మా! నేనింకా గట్టిగా అరిచాను. నేనరిచేకొద్దీ ఆయన తొందరపడ్డాడు. రేకు చీలిన చప్పుడు. పడవ ఒరిగింది, మనిషి నీళ్ళలో ఉన్నాడు. ఒడ్డుకు రావలసినవాడు లోపలికే ఈదాడు.

చైత్ర పరిగెత్తుకొచ్చి, "నో చైల్డ్! దేర్ ఈజ్ నో చైల్డ్!" అని గొంతు చించుకుంది. మంచులో ఆ పిలుపు దూరం జరుగుతూ పోయింది. తర్వాత ఆగిపోయింది.

మధ్యాహ్నానికి ఆయన్ను తీశారు. ప్రాణం లేదు.

ఆ కేకలు ఒడ్డున ఇంకెవరో విని చెప్పారట, అంత్యక్రియలయ్యాక ఆయన భార్య మనింటికి వచ్చింది. "చుట్టూ క్షేమమేనా? మా ఆయన కాపాడాడా?" అని నా చేతులు పట్టుకుంది.

చైత్ర తెలుగులో గొణిగింది. "ఉందని చెప్పేద్దామా అమ్మమ్మా? ప్లీజ్, ఆవిడ మొహం చూడు."

"వద్దే. లేని పిల్లను పుట్టించకు. జరిగింది చెప్పు."

చెప్పింది. ఆవిడ లేస్తూ, "ఎవరికోసమూ కాకుండా పోయాడంటే నేనొప్పుకోను" అంది. టీ ముట్టలేదు.

తర్వాత ఒడ్డున చెక్క పలక వెలిసింది, చుట్టూ కోసం వెళ్ళినవాడు అని. దాని కింద పూలు పెట్టారు. పూల పక్కన బొమ్మలు, చిన్న ఎర్ర బూట్లు. చైత్ర వెళ్ళి అలాంటి పిల్లే లేదని అందరికీ చెబుతుంటే, పాపం షాక్‌లో ఉందని వీపు నిమిరారు. అప్పటినుంచి అది అటు వెళ్ళదు. మొన్న మంచు పట్టిన పొద్దున, చుట్టూ ఏడుపు నీళ్ళ మీద వినిపించిందని ఒకావిడ చెప్పిందట. ఇంకొకరు తామూ విన్నామన్నారట.

నాకు ఇంగ్లీషు లేదు, నీకుంది. ఎవరైనా ఆ పిల్ల మాటెత్తితే చెప్పు తల్లీ. చుట్టూ మనిషి పేరు కాదని, ఒక మనిషి బతకాలని వేసిన కేక అని. నూట్కా అని ఎక్కడైనా చదివితే అక్కడా ఆపి, అది వాళ్ళ పేరు కాదని చెప్పు. గుర్తుపెట్టుకుంటావు కదూ? నీ తర్వాతి వాళ్ళకీ చెప్పు.