నాలుగో కోర్టు వల

మా బందరు ఇండోర్ స్టేడియానికి మూడు శంకుస్థాపనలు జరిగాయి. మూడు రాళ్ళూ భద్రంగానే ఉన్నాయి. ఒకదాని మీద వాచ్‌మన్ టిఫిన్ క్యారియర్ పెట్టుకుంటాడు. పని ఎంత నిదానంగా సాగిందంటే, పునాది తవ్వేటప్పుడు మేస్త్రికి పుట్టిన కొడుకే పెద్దవాడై వచ్చి పైకప్పు రేకులు బిగించాడు. నేను అక్కడ అటెండర్ని. నా పేరు నాగవంశీ.

సోమవారం పదింటికి జయకృష్ణ గారని ఒక పరిశీలకుడు వస్తున్నారు. ఆయన సరేనంటే రాష్ట్ర స్థాయి అండర్ ఫిఫ్టీన్ షటిల్ పోటీలు మా దగ్గర జరుగుతాయి. కాదంటే గుడివాడలో. మా కోచ్ రాజకుమారి గారి దగ్గర పదకొండు మంది ఆడపిల్లలున్నారు. గిలకలదిండిలో చేపల వేటకెళ్ళేవాళ్ళ పిల్లలు కొందరు, పెడనలో కలంకారీ అద్దేవాళ్ళ పిల్లలు కొందరు. ఇంతవరకు అన్ని పోటీలూ పరాయి ఊళ్ళలోనే ఆడారు. కన్నవాళ్ళు ఒక్కసారి కూడా చూడలేదు. ఈసారైనా చూపించాలని మేడమ్ ఆరు నెలలుగా కాగితాలు పట్టుకుని తిరిగారు.

ఆదివారం మధ్యాహ్నం నేను నాలుగో కోర్టు నెట్ మీదుగా దూకగలనని ఆ పిల్లలతో చెప్పాను. దూకాను కూడా. సగం దూకాను. మిగతా సగం నెట్‌లో ఉండిపోయింది. నెట్‌కి బారెడు చిరుగు పడింది.

మేడమ్ తిట్టలేదు. "గుడివాడ వాళ్ళు చేయించారా వంశీ, నీ అంతట నువ్వే చేశావా?" అని మాత్రం అడిగారు.

కొత్త నెట్ తెప్పించే టైం లేదు. గిలకలదిండిలో వలలు బాగుచేసే దైవాధీనం మావయ్యకి దాన్ని అప్పజెప్పాను. ఆయన అల్లిక ఎంత సన్నమంటే, అందులో పడ్డ దోమ కూడా బయటికి రాలేక అక్కడే కాపురం పెడుతుంది.

సోమవారం పది నిమిషాలు తక్కువ పదికి మావయ్య నెట్ తెచ్చి స్తంభాలకి కట్టాడు. చిరిగిన చోటు కనిపెట్టలేకపోయాం. కానీ పైన తెల్ల పట్టీ పొడుగునా బెండ్లు, కింద వరసగా సీసం గుండ్లు ఉన్నాయి.

"ఈ బెండ్లెందుకండీ?" అన్నారు మేడమ్.

"వలన్నాక బెండ్లుండవా అమ్మా. లేపోతే మునిగిపోద్ది."

"ఎక్కడ మునుగుద్దండీ?"

మావయ్య కింద టేకు చెక్క నేలని చూశాడు. నన్ను చూశాడు. "చిరిగిందన్నాడు గానీ ఎక్కడ వేస్తారో చెప్పలేదమ్మా మీవాడు."

అప్పుడే బయట కారు ఆగింది. మేడమ్ కత్తెర అందుకుని నావైపు చూశారు. నేను గుమ్మానికి పరిగెత్తాను.

"ముందు చరిత్ర చూద్దాం రండి సార్," అని జయకృష్ణ గారిని మూడు రాళ్ళకీ తిప్పాను. తర్వాత స్కోరుబోర్డు చూపించాను.

"రెండు వైపులా పదిహేడే చూపిస్తోందేంటి?"

"ఎవరి మనసూ నొప్పించదు సార్. ఇద్దరికీ పదిహేడే."

"పోటీలప్పుడు?"

"చేత్తో తిప్పే అంకెలున్నాయి సార్."

"సీట్లెన్ని?"

"రెండు వేలండి. తుఫానప్పుడు జనం తలదాచుకుంటే ఎనిమిది వేలు."

"ఎలా?"

"అప్పుడు ఎవరూ కాళ్ళు చాపుకోలేదండి."

ఆయన నవ్వలేదు, రాసుకున్నారు. సముద్రం చూపిస్తానని గ్యాలరీ పై మెట్టు దాకా ఎక్కించాను.

"ఇండోర్ స్టేడియంలో సముద్రమా?"

"కిటికీలోంచండి."

ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డంతసేపూ నా కళ్ళు కోర్టు మీదే ఉన్నాయి. బెండ్లన్నీ పోయాయి. మేడమ్ ఇంక గుండ్ల కోసం వంగుతుండగానే ఆయన కిందికి దిగిపోయారు.

నాలుగో కోర్టు దగ్గర ఆయన ఆగారు. "కిటికీల్లోంచి వచ్చే గాలికి మిగతా నెట్లన్నీ ఊగుతున్నాయి. ఇదొక్కటే కదలట్లేదేం?" వంగి, ఒక గుండు వేళ్ళతో పట్టుకున్నారు. "ఇదేంటి?"

నా దగ్గర నాలుగు అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి. ఒకదానికంటే ఒకటి అందమైనవి. ఈలోగా మావయ్యే అందుకున్నాడు.

"బరువండి. కింద బరువు లేపోతే చేప తప్పించుకుపోద్ది."

"ఇక్కడ చేపలెక్కడున్నాయండీ?"

"నిన్నొకటి పడిందండి," అన్నాడు మావయ్య, నావైపు చూపించి.

పదకొండు మంది పిల్లలూ ఒక్కసారే నవ్వారు. మేడమ్ నవ్వలేదు. జరిగిందంతా దాచకుండా చెప్పారు. చివర్న, "నెట్ చిరిగింది మావాడి వల్లండి, పిల్లల తప్పేం లేదు," అన్నారు. నేను చేతిలో లేని పనేదో చూసుకున్నాను.

జయకృష్ణ గారు వాచీ చూసుకున్నారు. "పదకొండున్నరకి నేను బయల్దేరాలి. ఈలోపు గుండ్లు తీసి నెట్ కడితే కొలతలు చూస్తాను."

గుండ్లు నలభై. మావయ్య వేసిన ముడులు తుఫానుకి కూడా ఊడవు. అల్లికలోకే కలిపి వేశాడు, కత్తెర పెడితే నెట్టే తెగుతుంది. పిల్లలు, మేడమ్, మావయ్య, నేను చుట్టూ కూర్చుని ఒక్కొక్కటీ విప్పాం. నాకు తెలిసి ప్రపంచంలో ఏ నెట్‌కీ ఇంతమంది ఒకేసారి దణ్ణం పెట్టినట్టు వంగి ఉండరు. కాసేపటికి జయకృష్ణ గారు కూడా కళ్ళజోడు సర్దుకుని, బూట్లు విప్పి కూర్చున్నారు.

పదకొండూ ఇరవైకి టేపు పెట్టారు. ఎత్తు సరిపోయింది. సంతకం పెట్టి కాగితం మేడమ్ చేతికిచ్చి వెళ్ళిపోయారు.

అందులో 'ప్రత్యేక సౌకర్యాలు' అన్న చోట ఇలా రాసి ఉంది: వల బాగుచేసే మనిషి అందుబాటులో ఉన్నాడు. చింపే మనిషి కూడా ఉన్నాడు. పోటీలు జరిగినన్ని రోజులూ అతన్ని గ్యాలరీ పై మెట్టు మీదే ఉంచగలరు.