కామాక్షి గారి బిందె

నేను ఒక రేకు లౌడ్‌స్పీకర్ని. ఉమ్మెత్త పువ్వులాంటి మూతి, ఆటో నెత్తిన కూర్చునే దర్జా. నా దగ్గరకొచ్చిన మాటని పెద్దది చేసి వీధిలోకి విసరడమే నా పని. ఏ మాట ముందు విసరాలో మాత్రం మనుషులే చూసుకోవాలి. వాళ్ళేమో చూసుకోరు.

ఒక రేకుల షెడ్డులో సుత్తి దెబ్బలు తిని పుట్టాను. మొదట సౌండు సెట్లు అద్దెకిచ్చే నూకరాజు దగ్గర పెళ్ళిళ్ళు చేశాను. తర్వాత ఒక సినిమా హాలు వాళ్ళు కొనుక్కున్నారు. అబ్బ, ఏం రోజులవి! ఆటో ఆగదు, గుమ్మంలో నిలబడ్డ మనిషి చెవిన పడేది నాలుగు ముక్కలే. అందుకని సినిమా పేరు, హాలు పేరు, ఆటల టైములు చెప్పేసి, మిగతా గొప్పలన్నీ తర్వాత. హాలు మూతపడ్డాక మునిసిపాలిటీకి చేరాను. అక్కడ అంతా తలకిందులు.

అక్కడ ప్రకటనలు రాసేది సూపరింటెండెంట్ దక్షిణామూర్తి గారు. ఆయన కాగితం ఎప్పుడూ పెద్దవాళ్ళ పేర్లతోనే మొదలయ్యేది. గౌరవనీయులైన ఫలానా వారి ఆదేశాల మేరకు, ఫలానా వారి పర్యవేక్షణలో, ప్రజలకు తెలియజేయునది ఏమనగా... ఆ 'ఏమనగా' వచ్చేసరికి ఆటో పక్క వీధిలో ఉండేది. మొదటి వీధికి పేర్లు, రెండో వీధికి విషయం! ఇంటి పన్నుల సంగతైతే ఎవరికీ నష్టం లేదు, ఇంకా సంతోషించేవాళ్ళు కూడా.

కానీ ఒకరోజు పొద్దున్నే మంచినీళ్ళ పైపు పగిలి మురుగు కలిసిపోయింది. అప్పటికే కుళాయిలు వదిలేశారు. ఊళ్ళో బిందెలు నిండుతున్నాయి. ఆఫీసులో కొత్తగా చేరిన ప్రణవి, అంతకుముందు పేపర్ ఆఫీసులో వార్తలు దిద్దిన పిల్ల, తాగొద్దన్నది ముందు పెడదామని బతిమాలింది.

"కమిషనర్ గారి పేరు కిందకి నెడితే రేపు నన్నెక్కడికి నెడతారో తెలుసా అమ్మాయ్?" అన్నారాయన.

ఆ పిల్ల ఊరుకోకుండా కాగితం నకలొకటి లాక్కుని అడ్డంగా కొట్టేసింది. చివరికి 'నీళ్ళు తాగకండి' ఒక్కటే మిగిలింది.

"ఏ నీళ్ళు? కొబ్బరి నీళ్ళా?" అన్నారు దక్షిణామూర్తి గారు.

పాపం, అంత కోతా తప్పే మరి! ఇంకా కోసేస్తుందేమోనని ఆయనే తన కాగితం పట్టుకుని ఆటో ఎక్కారు. ప్రణవి పక్కన ఇరుక్కుని కూర్చుంది.

ఆటో తిరిగి తిరిగి ఆయన సొంత వీధిలోకే వచ్చింది. కుళాయి దగ్గర ఆయన భార్య కామాక్షి గారు. మొగుడి గొంతు గుర్తుపట్టి మురిసిపోయి, బిందె పక్కన పెట్టి, గ్లాసు నింపుకుని మరీ నిలబడి వింటున్నారు. ఈయనింకా రెండో గౌరవనీయుల దగ్గరే ఉన్నారు. ఆవిడ గ్లాసు పైకెత్తారు.

కాగితం ఆయన చేతిలోంచి జారిపోయింది.

"కామాక్షీ! ఆ నీళ్ళు తాగకే!"

నా జన్మలో అంత గట్టిగా అరవలేదు నేను. వీధి వీధంతా ఎక్కడి బిందె అక్కడ ఆగిపోయింది, ఆటో కూడా ఆగింది.

"ఏ నీళ్ళండీ?" ఆవిడ గ్లాసు దించకుండానే అడిగారు.

"కుళాయి నీళ్ళే. మురుగు కలిసింది. పట్టినవి పారబోసెయ్యండి."

"మరి వంటకో?"

"ట్యాంకరు వస్తోంది. కుళాయిలు బాగయ్యాక మళ్ళీ మేమే వచ్చి చెప్తాం."

ఆవిడ గ్లాసు కాలవలో ఒంపేశారు. ప్రణవి జారిపడ్డ కాగితం తిప్పి, ఆయన అన్న మాటలు అన్న వరసలోనే వెనకాల రాసి చేతికిచ్చింది. మిగతా ఊరంతా ఆయన అదే చదివారు. కమిషనర్ గారి పేరు ఆఖర్న వచ్చింది. ఆటో వెళ్ళిపోయాక వచ్చింది కాబట్టి దాన్ని ఎవరూ విన్లేదు, ఆయన్ని ఎక్కడికీ నెట్టనూలేదు.

ఇప్పుడన్నీ ఫోన్లలోనే కదా. నేను ఆఫీసు బీరువా మీద బోర్లా పడుకుని ఉంటాను, హాయిగానే ఉంది. దక్షిణామూర్తి గారు రిటైరయ్యారు, ఆ కుర్చీలో ప్రణవి ఉంది. ఎవరైనా గౌరవనీయులతో మొదలుపెట్టిన కాగితం తెస్తే కోప్పడదు. నా వైపు చూపించి ఒక్కటే అంటుంది:

"కామాక్షి గారు గ్లాసెత్తారు. ఇప్పుడు చెప్పండి."