చీమలు పట్టని సినిమా

శనివారం మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక నర్సమ్మ కిటికీ తెరలు లాగి, గోడకి తెల్ల దుప్పటి కట్టి, చర్చి నుంచి అరువు తెచ్చిన ప్రొజెక్టరు ముందు కూర్చునేది. దుప్పటి కింద వెడల్పాటి టబ్బు. సినిమాలో ఏది కారినా దుప్పట్లోంచి ఇవతలికి కారుతుంది మరి. జలప్రళయం సినిమా వేసిన రోజు కింది వాటావాళ్లు పైకొచ్చి, "ఇలాంటివి వేసేముందు ఓ మాట చెప్తే బట్టలు లోపల పెట్టుకుంటాం కదండీ" అని తగువుకొచ్చారు. అప్పటినుంచే టబ్బు.

నర్సమ్మ ఆస్పత్రి నుంచి రిటైరైంది గానీ ఆమె అనుమానం రిటైరవలేదు. వాసన చూడందే పాలు కాచదు, తనే వేసిన తాళాన్ని తనే మళ్లీ లాగి చూస్తుంది. సినిమాల మీద అనుమానం మాత్రం ఈమధ్యే, చెల్లెలి వల్ల పుట్టింది.

చెల్లెలి కొడుకు జ్వరంతో పోయాడు. సంఘమంతా మోకాళ్ల మీదుండి ప్రార్థించినా పోయాడు. చెల్లెలు ఆ రోజు ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. ఆదరణగా ఉంటుందని నర్సమ్మే ఆమెని చర్చి హాల్లో సినిమాకి తీసుకెళ్లింది. చివర్లో తల్లి మోకరించింది, మంచం మీది పిల్లాడు కళ్లు తెరిచాడు, హాలంతా చప్పట్లు. చెల్లెలు లేచి బయటికి నడిచింది.

"మీ సినిమాల్లో పిల్లలందరూ లేస్తారు," అంది మెట్ల మీద. "మరి నా ప్రార్థనలో ఏం తక్కువైందక్కా?"

చెల్లెలు చర్చి మానేసింది, తిండి తగ్గించేసింది, అక్క ఇంట్లోనే లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుంది. ఏడవని మనుషులు ఎలా అరిగిపోతారో నర్సమ్మ వార్డుల్లో చూసింది. చెల్లెల్ని కూడా పోగొట్టుకుంటానేమోనని నిజంగా భయపడింది. తప్పు సినిమాతో జరిగింది, సినిమాతోనే దిద్దాలి. అబద్ధమాడనిది ఒక్కటంటే ఒక్కటి దొరికితే చాలు.

సినిమాలకేం కొదవ లేదు. చర్చిలో పాటలు నడిపించే పక్కింటి వదిన రోజుకొకటి ఫోన్లో పంపేది. "ఇది చూసి మా ఇంటిల్లిపాదీ ఏడ్చాం వదినా!"

"ఏడిపించడానికేముంది, ఉల్లిపాయ కూడా ఏడిపిస్తుంది," అనేది నర్సమ్మ.

సినిమా అయ్యాక దుప్పటి వరండాలో ఆరేసేది. సాయంత్రానికి చీమలు. దొంగ కన్నీళ్లకి గ్లిజరిన్ వాడతారనీ, అది తియ్యగా ఉంటుందనీ వార్డుల్లో చేసిన మనిషికి వేరే చెప్పాలా! దేవుడే లేడన్న మాస్టారు చివర్లో బోర్లాపడి ఏడ్చిన సినిమాకి చీమలు బారులు తీరాయి. ప్రార్థన చేయగానే ఇంటిముందు కొత్త కారు ఆగిన సినిమాకి గండుచీమలు కూడా వచ్చాయి. ఇంకోదాంట్లో స్పృహ లేని పేషెంటుకి లిప్‌స్టిక్, సెలైన్ బాటిల్లో చుక్క పడదు. దానికి చీమల కోసం ఆగనైనా లేదు, సగంలో కట్టేసింది.

ప్రొజెక్టరు కోసం వచ్చిన పాస్టరుగారు దుప్పటి మీది చీమల్ని చూసి నిట్టూర్చారు. "ఇదీనా?"

"ఇదీనండి."

"విశ్వాసం పెంచే సినిమాలమ్మా ఇవి. మరీ ఇంత అనుమానమైతే ఎలా?"

"పరీక్షించి తీసుకోమని వాక్యంలోనే ఉంది కదండీ."

ఆయన చొక్కా చేతి మీది చీమని దులుపుకుని, "ఇంకో వారం ఉంచుకోండి," అని వెళ్లిపోయారు.

ఆ వారం వచ్చిన సినిమాకి పోస్టరు కూడా సరిగ్గా లేదు. వెలుతురు తక్కువ, మాట ఒకచోట పెదవి ఒకచోట. ఒక తాపీమేస్త్రి కూతురు జబ్బుచేసి చనిపోతుంది. అంతే, లేవదు. మేస్త్రి చర్చికెళ్లి వెనక బెంచీలో కూర్చుంటాడు. పాడడు, మోకరించడు. "నీమీద కోపంగా ఉంది. అయినా వచ్చాను," అంటాడు.

దుప్పటి బాగానే తడిసింది. సాయంత్రానికి ఒక్క చీమ లేదు. నర్సమ్మకి అదీ అనుమానమే. ఇంట్లో చీమలే చచ్చాయేమోనని గచ్చు మీద పంచదార చల్లింది. ఎక్కడెక్కడివో బిలబిలా వచ్చి పంచదార మీద పడ్డాయి గానీ దుప్పటి జోలికి పోలేదు. అప్పుడు అంచు నాలిక మీద పెట్టుకుని చూసింది. ఉప్పగా ఉంది.

మర్నాడు లోపలి గదిలోకి వెళ్లి, "లే, ఒక సినిమా ఉంది," అంది.

"చివర్లో లేస్తారా?"

"లేవదు."

చెల్లెలు ఇటు తిరిగి అక్క ముఖంలోకి పరీక్షగా చూసింది. తర్వాత వచ్చి, నచ్చకపోతే వెంటనే పోవడానికి వీలుగా గుమ్మంలోనే చేతులు కట్టుకుని కూర్చుంది. ప్రతి సీనూ నమ్మకం లేనట్టే చూసింది.

మేస్త్రి బెంచీలో కూర్చున్నాడు. దుప్పటి మీంచి నీళ్లు జారాయి. చెల్లెలు లేచింది. మళ్లీ వెళ్లిపోతోందనుకుంది నర్సమ్మ. చెల్లెలు దుప్పటి దగ్గరికెళ్లి ఆ ధార కింద అరచెయ్యి పట్టింది.

"వెచ్చగా ఉందక్కా," అంది.

ఆ తడి గుడ్డలో ముఖం పెట్టుకుని పెద్దగా, కొడుకు పోయిన రోజు ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చింది. నర్సమ్మ ఊరుకోమనలేదు. టబ్బు నిండితే పారబోసి మళ్లీ తెచ్చి పెట్టింది.

సినిమా ఎప్పుడో అయిపోయాక చెల్లెలు ముక్కు తుడుచుకుంది. "వచ్చే ఆదివారం వస్తా. వెనకాలే కూర్చుంటా. పాడమని ఎవరూ అనకూడదు. దేవుడేం మేలు చేశాడో సాక్ష్యం చెప్పమని అసలే అడక్కూడదు."

"ఎవరడుగుతారో నేనూ చూస్తా," అంది నర్సమ్మ.