వదిన చెప్పిన ముగింపులు

సినిమాలో ఎవరైనా అటక మీంచి సూట్‌కేసు దింపారంటే నాకు కాళ్లు లాగడం మొదలవుతుంది. ఇక కూర్చోలేను. చీకట్లో నలుగురి మోకాళ్లు తప్పించుకుంటూ, ఇద్దరి కాళ్లు తొక్కుతూ, తిట్లు తింటూ బయటికి వచ్చేస్తాను. బయట, రాబోయే సినిమాల పోస్టర్ల కింద ఒక బల్ల ఉంటుంది. దాని మీద కూర్చుని పోస్టర్లలోని చీమ తలకాయంత అక్షరాలతో సహా చదువుకుంటాను. కాసేపటికి తలుపులు తెరుచుకుని జనం కళ్లు నలుపుకుంటూ వస్తారు. వాళ్లలో మా వదిన ఉంటుంది. బస్సెక్కి కూర్చున్నాక చెబుతుంది, చివరికి ఏమైందో.

మా అన్నయ్య పోయిన ఏడు మొదలైన అలవాటు ఇది. అంతకు ముందే మా ఆయన కూడా వెళ్లిపోయారు. వెళ్లిపోయేవాళ్లను చూడటం అప్పటికే నాకు చాలైపోయింది, టిక్కెట్టు కొని మరీ చూడటం దేనికనిపించింది. "సరే, పాటలు నీ వాటా, ఏడుపులు నా వాటా," అంది వదిన. అన్నయ్య ఉన్న రోజుల్లో మేమిద్దరం ఒకరి వంటకి ఒకరం పేర్లు పెట్టుకున్నవాళ్లమే. ఆయన పోయాక ఎదురెదురు ఫ్లాట్లలో మిగిలాం. దెప్పిపొడవడానికి ఇద్దరికీ ఇంకో మనిషి లేకపోయింది. అలా శుక్రవారం మధ్యాహ్నం ఆట ఖాయమైంది.

ఇప్పుడు అవార్డుల కాలం. జలుబులు వచ్చినట్టే ఏడాదికోసారి వస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. టీవీ పెడితే చాలు, నడవడానికి వీల్లేని బట్టలు కట్టుకుని నడుస్తున్నవాళ్లు. బహుమతి వచ్చినాయన "అసలు ఊహించలేదు" అంటూ జేబులోంచి నాలుగు మడతల ఉపన్యాసం తీస్తాడు. చిన్నప్పటి మాస్టారి నుంచి జిమ్ము మాస్టారి దాకా అందరికీ దణ్ణాలు పెట్టి మెట్లు దిగాక పెళ్లాం గుర్తొచ్చి మళ్లీ మైకు దగ్గరికి పరిగెడతాడు. ఆవిడ ముందు వరసలో కూర్చుని నవ్వుతూ ఉంటుంది. ఆ నవ్వుకి ఎవరూ ఏ అవార్డూ ఇవ్వరు.

నన్నడిగితే ఊరు తిరిగితే చాలు, ఇంతకంటే మంచి నటులు దొరుకుతారు. బస్సులో "వృద్ధులకు" అని రాసిన సీట్లో ఒక పెద్దమనిషి కూర్చుంటాడు. నేను ఎక్కడం చూడగానే ఆయనకి గాఢనిద్ర పడుతుంది. నోరు కూడా కాస్త తెరుస్తాడు, అదీ పనితనమంటే! ఆయన స్టాపు రాగానే ఎవరూ లేపకుండానే మెలకువ వస్తుంది. కరెంటాఫీసు కిటికీ వెనక "సర్వర్ పనిచెయ్యట్లేదమ్మా" అనే అమ్మాయి గొంతులో ఎంత విచారమని! మా ప్లంబరు "దార్లో ఉన్నానండీ" అంటే వెనకాల వాళ్లింటి కుక్కర్ విజిలు వినబడుతూ ఉంటుంది, అయినా మనం నమ్ముతాం.

సరిగ్గా ఈ కాలంలోనే వదిన వెళ్లిపోవడం ఖాయమైంది. వేరే ఊళ్లో వాళ్ల చెల్లెలు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మొగుడూ పిల్లలూ లేని మనిషి. వదిన ఇక అక్కడే ఉండిపోతుంది. ఫ్లాటు అద్దెకిచ్చేసింది. సోమవారం మధ్యాహ్నం రైలు.

"స్టేషన్‌కి నేను రాను వదినా," అని ముందే చెప్పేశాను.

"నిన్నెవరు రమ్మన్నారే? అక్కడ బల్ల ఉన్నా దాని పైన పోస్టర్లుండవు," అంది.

అంతటితో ఆ మాట అయిపోయింది. కానీ నాకు నిద్ర అయిపోయింది. గ్యాసు కట్టేశానా లేదా అని లేచి చూసేదాన్ని. చూసి పడుకున్నాక, వదిన కట్టేసిందా లేదా అని మళ్లీ లేచేదాన్ని.

ఆ సమయంలోనే మా అపార్ట్‌మెంటు వాళ్లకి కూడా అవార్డుల జలుబు అంటుకుంది. కార్యదర్శి ఒక ఆడిటరు. లిఫ్టు బాగు చేయించడం చేతకాక, ఫిలిం క్లబ్బు పెట్టాడు. ఏడాదిలో వచ్చిన సినిమాల్లో ఒకదాన్ని "మన ఉత్తమ చిత్రం"గా ఎన్నుకుని, ఆదివారం సాయంత్రం కింద హాల్లో దాని చివరి అరగంట తెర మీద వేస్తారట. జ్యూరీలో ఆయనా, రెండో అంతస్తు పళ్ల డాక్టరూ, రిటైరైన ప్రొఫెసరుగారూ ఉన్నారు. ఒక ఆడమనిషీ, ఒక ముసలిమనిషీ ఉంటే బావుంటుందనుకున్నారు. నన్ను పిలిస్తే ఒక్క కుర్చీతో సరిపోతుందని లెక్క తేలింది. ఆడిటరు కదా.

జ్యూరీ శనివారం పొద్దున కూర్చుంది. ప్రొఫెసరుగారు ఏ సినిమా పేరెత్తినా కళ్లు మూసుకుని "లేయర్లున్నాయి" అన్నారు. పళ్ల డాక్టరు ప్రతిదానికీ "ఆ లైటింగ్ చూశారా!" అన్నాడు. రోజంతా జనం నోట్లోకి లైటు వేసి చూసే మనిషి, ఆయనకి అదే ముఖ్యం. ఆడిటరు ఫోను చూసుకుంటూ "నిజమే, నిజమే" అన్నాడు.

"మీరేమంటారు పెద్దమ్మగారూ?" అని చివరికి నన్నడిగారు.

నాకు మాట్లాడటానికి ఒకే సినిమా ఉంది. ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఇరుకు సందులో టైలరింగ్ షాపు, పక్కపక్కనే రెండు కుట్టు మిషన్లు. మాటలు తక్కువ, దెప్పుళ్లు ఎక్కువ. అక్కకి దూరపు ఊళ్లో పెద్ద కంపెనీలో పని దొరుకుతుంది. సూట్‌కేసు దించారు, నేను లేచి బయటికి వచ్చేశాను. తరవాతది వదిన బస్సులో చెప్పింది.

అదే వాళ్లకి చెప్పాను. "అక్క రైలెక్కేస్తుంది. చెల్లెలు షాపుకొచ్చి మిషను ముందు కూర్చుంటుంది. అక్క తరవాతి స్టేషన్లోనే దిగిపోయి, ఎండలో సూట్‌కేసు ఈడ్చుకుంటూ వచ్చేస్తుంది. ఏడుపుల్లేవు, కౌగిలింతల్లేవు. చెల్లెలి చేతిలోంచి చొక్కా లాక్కుని, 'గుండీ వంకరగా కుట్టావు, ఇటు తే' అంటుంది. అంతే. దానికివ్వండి మీ అవార్డు."

 ప్రొఫెసరుగారు కళ్లు తెరిచారు. "ఆ గుండీ! నేనూ అదే అనబోతున్నాను. ఆ గుండీలో ఎన్ని లేయర్లు!"

"ఆ ఎండలో నడిచే షాట్, ఆ లైటింగ్!" అన్నాడు డాక్టరు.

"నాకైతే ఆ సూట్‌కేసు చప్పుడుకే కళ్లలో నీళ్లు తిరిగాయండీ," అన్నాడు ఆడిటరు. ఏకగ్రీవం. ప్రశంసాపత్రం ప్రొఫెసరుగారు అక్కడికక్కడే చెప్పారు: "తిరిగివచ్చిన అడుగుల చప్పుడును తెలుగు ప్రేక్షకుడి గుండెల్లో..." అంటూ ఇంకా చాలా.

నా మాట నెగ్గిందని సంబరంగా వదినకి చెప్పాను. సూట్‌కేసులో చీరలు సర్దుతోంది. చేతిలో చీర మడత సగంలో ఆగింది. "ఆ సినిమాకా? వేరేది దొరకలేదా వాళ్లకి?" అంది.

"ఆ ముగింపుకే ఇస్తున్నారు."

"రేపు మనం వెళ్లొద్దులే. ఇంకా బోలెడు సర్దాలి."

"నేను జ్యూరీ, వదినా! వెళ్లకపోతే ఎలా?"

ఆదివారం సాయంత్రం హాలు నిండిపోయింది. టీ ఉచితమని ముందే చెప్పారు మరి. వదిన నా పక్కన ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంది. ఆడిటరు ప్రశంసాపత్రం చదివాడు, అందరూ చప్పట్లు కొట్టారు. లైట్లు తీసేశారు. తెర మీద అక్క అటక వైపు చూసింది.

"పదవే, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను," అంది వదిన చెవిలో.

"నేనే దించి వచ్చాను."

"తలుపు తాళం వెయ్యలేదేమో."

"వేసి మూడుసార్లు లాగాను. కూర్చో."

నా కాళ్లు లాగుతూనే ఉన్నాయి. కానీ ఆవిడ ఎలాగూ తిరిగొస్తుందని తెలుసు కదా, ఆ ధైర్యంతో కుర్చీ పట్టుకుని కూర్చున్నాను. సూట్‌కేసు దిగింది. అక్క రైలెక్కింది. రైలు కదిలింది. చెల్లెలు షాపుకొచ్చి కూర్చుంది. నేను సందు చివర వైపు చూస్తున్నాను. సందులో సైకిలొకటి పోయింది. పిల్లి పోయింది. చెల్లెలు లేచింది, ఒక పాత దుప్పటి దులిపి అక్క మిషను మీద కప్పింది. నాలుగు మూలలూ సర్దింది. మళ్లీ వచ్చి తన మిషను తొక్కడం మొదలుపెట్టింది. తెర నల్లబడింది. పేర్లు పడ్డాయి.

లైట్లు వేశారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మూడో అంతస్తు టీచరమ్మ లేచి, "ఏమండీ, అక్క తిరిగొచ్చిందని చదివారు కదా? ఎక్కడొచ్చింది?" అని అడిగింది.

ఆడిటరు ప్రొఫెసరు వైపు చూశాడు. ప్రొఫెసరు డాక్టరు వైపు చూశారు. డాక్టరు ట్యూబ్‌లైటు వైపు చూశాడు. ముగ్గురిలో ఒక్కరూ ఆ సినిమా చూడలేదని నాకు అప్పుడు అర్థమైంది. నేనూ సగమే చూశాననుకోండి, కానీ నేను టిక్కెట్టు కొన్నాను.

"మేం చూసింది డైరెక్టర్స్ కట్, డైరెక్టరు విడిగా కత్తిరించుకున్నది. అందులో వస్తుంది," అన్నాడు ఆడిటరు.

"శరీరంతో రావడమొక్కటే రావడం కాదమ్మా," అన్నారు ప్రొఫెసరుగారు. "ఆ దుప్పటిలో వచ్చింది. లేయర్లున్నాయి."

ఇప్పుడు చప్పట్లు మోగాయి. టీ వచ్చిందని కూడా కావచ్చు.

లిఫ్టు పనిచెయ్యదు కాబట్టి ఇద్దరం మెట్లెక్కాం. మొదటి మలుపు దగ్గర ఆగి అడిగాను. "గుండీ ఎక్కడిది వదినా?"

"ఆ రోజు నా జాకెట్టుది ఊడింది. అదే గుర్తొచ్చింది."

"ఇలా ఎన్ని సినిమాలకి చేశావ్?"

"అన్నిటికీ కాదులే. పెళ్లితో అయ్యేవి ఉన్నవున్నట్టే చెప్పాను."

"ఆ ఓడ సినిమా?"

"మునిగింది."

"హెడ్మాస్టరు?"

"పోయాడు."

రెండో మలుపు దాకా ఎక్కాం. అక్కడ గోడ పట్టుకుని నిలబడ్డాను. "వదినా, ఆ కుక్క?"

"కుక్క సంగతి ఇప్పుడెందుకే."

"రైతు ఇంట్లో సుఖంగా ఉందన్నావు! పిల్లల్ని పెట్టిందన్నావు, ఒకదానికి తెల్లటి చెవి అని కూడా చెప్పావు!"

"ఏం చెయ్యమంటావే మరి? రెండు బస్సులు మారాలి. ఏడుస్తూ నువ్వు బస్సులు మారతావా? చిల్లర పారేసుకుంటావు, గొడుగు మర్చిపోతావు, నేను మళ్లీ వెనక్కి పరిగెత్తాలి."

కోపం వచ్చింది. ఇన్నేళ్లుగా బతికించిన వాళ్లందర్నీ ఒక్క మెట్ల వరసలో చంపేసింది మనిషి. "సరే, అబద్ధాలు అంత బాగా చెబుతావు కదా," అన్నాను. "రేపటి దానికి కూడా ఒకటి చెప్పు."

వదిన నా వైపు చూడలేదు. మోకాలు పట్టుకుని ఇంకో మెట్టెక్కింది. "చెల్లి తుంటి నిజంగానే విరిగిందే. దానికి నా దగ్గర వేరే ముగింపు లేదు," అంది.

సోమవారం పొద్దున లేచాను. ఒక ముగింపు పూర్తిగా చూశాను, నాకేమీ కాలేదు, భోజనం కూడా చేశాను అనుకున్నాను. అనుకుని చెప్పులేసుకున్నాను. ఎదురు తలుపు దగ్గర సూట్‌కేసుతో నిలబడ్డ వదిన నన్నూ, నా గొడుగునీ చూసింది. "మధ్యలో లేచిపోతావేమో, చివరి సీట్లో కూర్చో," అంది. 

రైలు దగ్గర చెప్పుకోవలసినవన్నీ చెప్పుకున్నాం. మందులు, దుప్పటి, అద్దెకొచ్చేవాళ్లకి కుళాయి గట్టిగా తిప్పొద్దని చెప్పడం. రైలు కదిలింది. చెయ్యి ఊపాను. రైలు ఒక పెట్టె దూరం వెళ్లి ఆగిపోయింది. ఊపిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియలేదు. నడిచి మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లాను. చెప్పడానికి ఇద్దరికీ ఏమీ మిగల్లేదు.

"ఎవరో వీడు, ఎడిటింగ్ చేతకాదు," అంది వదిన.

మళ్లీ కదిలింది. ఈసారి ఆగలేదు. ఆఖరి పెట్టె వంపు తిరిగేదాకా నిలబడ్డాను. ఊడ్చే ఆవిడ వచ్చి "కాస్త జరుగమ్మా" అనేదాకా నిలబడ్డాను. నా చంకలో వదిన మంచినీళ్ల సీసా అలాగే ఉంది.

బస్సులో "వృద్ధుల" పెద్దమనిషి నన్ను చూసి నిద్రలోకి జారబోయి, ఎందుకో కళ్లు తెరిచి సీటిచ్చాడు. నా మొహం ఎలా ఉందో మరి. కూర్చోగానే ఫోను మోగింది.

"బస్సెక్కావా?"

"ఎక్కాను."

"ఏడ్చావా?"

"నేనెందుకు ఏడుస్తాను?"

"మరి నేను ముందే వచ్చేశాను కదే," అంది వదిన. వెనకాల రైలు చప్పుడు. "చివరికి ఏమైందో చెప్పు."

నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకున్నాను. గొంతు సర్దుకున్నాను. "నీ రైలు వెళ్లిపోయిందా... ఊడ్చే ఆవిడ వచ్చింది. నన్ను చూసి చీపురు పక్కన పెట్టి, 'ఏం పెద్దమ్మా, టీ తాగుదాం రా' అంది. ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం. ఆవిడకి ఒక కుక్క ఉందిట."

"కుక్కా?"

"తెల్లటి చెవి."

 అవతల రైలు చప్పుడులో వదిన గొంతు, కొంచెం జలుబు చేసినట్టు, "ఊఁ. తరవాత?" అంది.

మా స్టాపు వచ్చింది. కండక్టరు నా వైపు చూశాడు, నేను చెయ్యి ఊపి పొమ్మన్నాను. కథ ఇంకా సగంలో ఉంది.