మా తమ్ముడికి నిద్ర పట్టే బండి

మా తమ్ముడు భూషణానికి బండి ఎక్కితే నిద్ర పట్టదు. బస్సు కానీ జీపు కానీ, ముందున్న కమ్మీ పట్టుకుని కూర్చుని, బ్రేకు ఎప్పుడు తొక్కాలో డ్రైవరుకు చెబుతుంటాడు. ఒకసారి సుక్మా బస్సు డ్రైవరు విసిగిపోయి, బండి ఆపి, "అయితే నువ్వే వచ్చి తోలు" అన్నాడట. సిగ్గుపడాల్సింది పోయి, ఆ ముచ్చట వీడే అందరికీ చెప్పుకుంటాడు.

అలాంటివాడు కూతుర్ని డ్రైవరుగా పంపుతాడా?

సునీత పోలీసు ఫోర్సుకు సెలెక్టయింది. పరుగు, పరీక్ష, మెడికల్ అన్నీ నెగ్గింది. ఏ పనిలో చేరతావో రాసివ్వమంటే మాత్రం తండ్రి మాట కాదనలేక వంట అని రాసిచ్చింది. ఆ సంగతి విని నాకు నవ్వూ కోపమూ కలిసే వచ్చాయి. ఆ పిల్లకు ట్రాక్టర్ వచ్చు, పికప్ వచ్చు. నగర్‌నార్ ఉక్కు ఫ్యాక్టరీ దగ్గర నా హోటల్ ముందు ఆగే లారీల మీద నేర్చుకుని హెవీ లైసెన్సు కూడా తెచ్చుకుంది. రానిదల్లా వంటే.

ట్రైనింగుకు పోయేలోగా నేర్పమని భూషణం కబురు పెడితే, హోటల్ మూసుకుని గొల్లపల్లి వెళ్ళాను. చపాతీలు ఒక పక్క మాడేవి, ఒక పక్క పచ్చిగా ఉండేవి. పప్పులో రెండుసార్లు ఉప్పు వేసి మూడోసారి వేయబోతుంటే చేయి పట్టుకున్నాను.

"నీ ధ్యాస యాడున్నదే?"

"రోడ్డు మీద, అత్తా."

"వంటంటే అంత చులకనా? ఈ చేతులతోటి వండిపెట్టే నా బతుకు నిలబెట్టుకున్న."

"చులకన గాదత్తా. పొయ్యి ముందర నిలబడితే నీకెట్లుంటదో, స్టీరింగ్ పట్టుకుంటే నాకట్లుంటది."

నా కోపం సగం అక్కడే చల్లారింది. అప్పుడు అసలు సంగతి చెప్పింది. జగదల్‌పూర్ ఆఫీసు దగ్గర ట్రైనింగు బస్సు ఎక్కేలోగా పని మార్చుకోవచ్చట. డ్రైవరు కావాలంటే అక్కడికక్కడే బండి తోలి చూపించాలి. అందులో తప్పితే వంట చోటు కూడా దక్కదు, వెనకాల కాచుకుని ఉన్న ఇంకో పిల్లకు పోతుంది. బస్సు ఎక్కాక మాత్రం ఇక మార్పు లేదు.

తండ్రిని అడిగింది. భూషణం తల అడ్డంగా ఊపాడు.

"బాంబు పేలితే ముందుగాల పోయేది డ్రైవరే బిడ్డా. వంటోళ్ళు క్యాంపుల ఉంటరు."

వాడు ఊరికే అన్న మాట కాదు. తర్రెం వైపూ మా వైపూ రోడ్ల మీద నక్సలైట్ల మందుపాతరలకు బళ్ళు గాల్లోకి లేచిన రోజులు చూసినవాళ్ళం. ఇప్పుడు రోడ్లకు తారు పడింది, గొడవలు తగ్గాయి అంటారు. తారు పోసినంత తొందరగా భయం పోదు.

"నీ మాట కాదని చెయ్య నాయినా," అంది సునీత. "ఆఫీసు గేటు దాక మాత్రం అడుగుతనే ఉంట."

బయలుదేరే రోజు పికప్‌లో చింతపండు బస్తాలు కూడా వేసుకున్నాం, జగదల్‌పూర్ మండీలో అమ్మడానికి. సునీత స్టీరింగ్ ముందు, నేను మధ్యలో, భూషణం కిటికీ పక్కన. ముగ్గురం కలిసి ఆ బండిలో వెళ్ళడం అదే మొదలు. కోంట దాటేదాకా కూతురికి జాగ్రత్తలు చెప్పాడు. సుక్మా రాకముందే వాడి తల నా భుజం మీద వాలింది. దర్భా ఘాట్ మలుపులో ఎదురుగా లారీ మీదికొచ్చింది. సునీత తొణక్కుండా బండిని అంచుకు తీసి, ఆపి, దాన్ని పోనిచ్చింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. భూషణం గురక మాత్రం ఆగలేదు.

"ఎప్పుడూ ఇంతేనా?" అని అడిగాను.

"నేను తోల్తే ఇంతే అత్తా. ఎక్కంగనే పండుకుంటడు."

ఆఫీసు గేటు ముందు బండి ఆగాక వాడికి మెలకువ వచ్చింది.

"ఏంది ఆపినవ్? ఘాట్ వచ్చిందా?"

"ఘాట్ పోయి శానాసేపయింది రా. జగదల్‌పూర్‌ల ఉన్నం," అన్నాను. "మలుపుల లారీ ఎదురొచ్చింది. నేను సచ్చిననుకున్న. నువ్వు కన్ను తెరవలే."

వాడు బయటికి చూశాడు, తర్వాత కూతుర్ని చూశాడు.

"ఏ బండిల కన్ను మూయనోడివి. ఈ పిల్ల చేతిల ప్రాణం పెట్టి పండుకుంటవు. నువ్వు నమ్మినట్టే సర్కారోళ్ళు నమ్మితే తప్పేంది?" అన్నాను.

వాడు కళ్ళు తుడుచుకున్నాడు. "భయం పోదక్కా."

"పోకుంటే ఉంచుకో. పిల్లను పోనీ."

వాడు దిగి, మా కోసం ఆగకుండా గేటులోకి నడిచాడు. లోపల భర్తీ చూసే సాహెబు ముందు నిలబడి, తనకు వచ్చిన సగం హిందీలో, "సాబ్, మా బేటీ ఖానా పకాయించదు. గాడీ చలాయిస్తది," అన్నాడు.

సాహెబు నవ్వలేదు. తోలడంలో తప్పితే రెండు చోట్లూ పోతాయని మళ్ళీ హెచ్చరించాడు. సునీత తండ్రి వైపు చూసింది.

"రాసియ్యి బిడ్డా," అన్నాడు భూషణం.

మైదానంలో పెద్ద ట్రక్కు. సాహెబు పక్కన ఎక్కి కూర్చున్నాడు. సునీత డ్రమ్ముల మధ్య నుంచి వెనక్కి తీసింది, దేనికీ తగల్లేదు. తర్వాత మట్టి గట్టు. సగం ఎక్కాక సాహెబు ఆపమన్నాడు. అక్కడి నుంచి వెనక్కి జారకుండా మళ్ళీ ఎక్కించాలి. నా చేయి భూషణం నలిపేస్తున్నాడు. ఇంజను గొంతు మారింది. చక్రం వెనక్కి బెత్తెడు కూడా జరగలేదు. ట్రక్కు గట్టెక్కి అవతల దిగింది. సాహెబు దిగుతూనే కాగితం మీద సంతకం పెట్టి, "డ్రైవర్," అన్నాడు. నేను నా వయసు మరిచి ఈల వేశాను. ఆ మైదానంలో ఎవరేమనుకున్నా నాకు లెక్కలేదు.

మధ్యాహ్నం ట్రైనింగు బస్సు వచ్చింది. సునీత మా ఇద్దరినీ వాటేసుకుని, ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదలబోతుండగా భూషణం ముందుకు పరుగెత్తి డ్రైవరు తలుపు మీద కొట్టాడు. ఇక వీడు బ్రేకు పాఠం మొదలుపెడతాడని నేను తల పట్టుకున్నాను.

"భయ్యా, పైలంగా తోలు," అన్నాడు మా తమ్ముడు. "లోపల డ్రైవరమ్మ కూసున్నది."