రాజక్క తట్టిన బండ

గిరిశిఖరవాసుడైన నరసింహునకు నమస్కరించి ఈ కథ చెబుతున్నాను.

1978లో పరకాల బట్టల వ్యాపారి వెంకట్రాజం, అరవయ్యో ఏట, ఏటూరునాగారం అడవిలోని సున్నపురాతి గుట్ట శిఖరాన్ని చూడాలని బయలుదేరాడు. తేనె తీసే రాజక్క దారి చూపుతోంది. శిఖరం కనబడగానే అతడు ఆనందంతో ముందుకు ఉరికాడు.

రాజక్క కర్రతో అతడి ముందున్న బండను తట్టి, “ఆగు సేటూ! లోపల బోలుగుంది, కూలుతది” అంది.

“చూడ గట్టిగనే ఉంది గద రాజక్కా!”

“నువ్వు బట్టను నలిపి చెప్తవు, నేను రాయిని తట్టి చెప్త.”

ఆమె ఆ బండ పగులులో వేసిన గులకరాయి చాలాసేపటికి ఎక్కడో లోతున నీటిలో పడింది. వెంకట్రాజం ఆ బండను తప్పించి, ఆమె అడుగులో అడుగు వేస్తూ శిఖరం చేరాడు. నలుదిక్కులా తెల్లని కొండకొమ్ములు వెలుగుతున్నాయి. అతడు ముందుగా రాజక్కకు చేతులు జోడించి, ఆ తర్వాతే వాటిని కన్నులారా చూశాడు.

ఈ కథ విన్నవారి ప్రతి అడుగునూ ఆ స్వామి కాపాడుగాక!